మానేసినవాళ్ళ నంబరు

మా వార్డు ఇన్‌చార్జి అక్కకి ఒక్కటే జబ్బు. బాగుందని చెప్పేవాళ్ళ మాట ఆవిడ నమ్మదు. బాగాలేదని వదిలేసినవాళ్ళు ఎక్కడున్నారో వెతికి పట్టుకుని, వాళ్ళతో మాట్లాడితే గాని ఆవిడ ఏ పనికీ పూనుకోదు. చెప్పులు కొనాలంటే ఆ రకం చెప్పులు కరిచినవాళ్ళు కావాలి. హోటల్‌కి వెళ్తే తిన్నవాళ్ళని వదిలేసి, కంచంలో సగం ఉంచి లేచినవాళ్ళ బల్ల దగ్గరికి నడుస్తుంది. "ఏం బాబూ, ఏం తేడా చేసింది?" అని పేషెంటుని అడిగినట్టే అడుగుతుంది. మేం ఆవిడకి ఫిర్యాదులక్క అని పేరు పెట్టాం. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. ఆ పేరు మీద ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు కాబట్టి దాని మీద ఆవిడకి అంత నమ్మకం లేదు.

ఆవిడ పెళ్ళే అలా జరిగింది. సంబంధం చూసినవాళ్ళంతా అబ్బాయి బంగారం అన్నారు. అక్కకి వెంటనే అనుమానమొచ్చింది. కాబోయే అత్తగారిని పక్కకి పిలిచి, "అత్తయ్యగారూ, మీ అబ్బాయిని వద్దన్న పిల్ల ఎవరైనా ఉంటే చెప్పండి, ఒక్కసారి మాట్లాడతాను" అంది. అత్తగారు కళ్ళు తేలేసింది. "మావాణ్ణి వద్దనేదా! అలాంటిది ఇంకా పుట్టలేదు!" అంది. పక్క గదిలోంచి పెళ్ళికొడుకు తల బయటపెట్టి, "ఒకమ్మాయి అంది" అని మళ్ళీ లోపలికి పోయాడు. అక్క ఆ అమ్మాయిని వెతుక్కుంటూ వెళ్ళింది. "అతనికి మాట్లాడటం రాదండీ. గంటసేపు ఎదురుగా కూర్చుని, ఫ్యాను వెయ్యమంటారా అని ఒక్క ముక్క అడిగాడు" అని చెప్పిందా అమ్మాయి. అక్క అక్కణ్ణుంచే ఇంటికి ఫోన్ చేసి ఒప్పేసుకుంది. రోజంతా వార్డులో గోల విని ఇంటికెళ్ళే మనిషికి అంతకంటే మంచి మొగుడు ఎక్కడ దొరుకుతాడని ఆవిడ లెక్క. బావగారు ఇంతవరకూ ఆ లెక్క తప్పనివ్వలేదు.

ఒకసారి ఇస్త్రీపెట్టె కొందామని నన్ను వెంటేసుకుని వెళ్ళింది. షాపతను ఉత్సాహంగా ఒకటి తీసి బల్లమీద పెట్టాడు.

"ఇది అందరూ తీసుకెళ్తున్నారమ్మా. ఇంతవరకూ ఒక్క కంప్లైంటు లేదు."

"అయితే వద్దు," అంది అక్క.

"అదేంటమ్మా!"

"కంప్లైంటు లేదంటే దాన్ని ఎవరూ సరిగ్గా వాడలేదన్నమాట. వాపసు తెచ్చింది ఏదైనా ఉంటే అది చూపించు."

అతను నా మొహంకేసి చూశాడు. నేను గోడకేసి చూశాను. చివరికి వెనక గదిలోంచి ఒకటి పట్టుకొచ్చాడు, తీగ పొట్టిగా ఉందని ఎవరో తిరిగిచ్చేశారట. "ఇంకేం తేడా లేదుగా?" అని రెండుసార్లు అడిగి, "మా ఇంట్లో ప్లగ్గు బల్ల పక్కనే ఉంది. ఇదే కట్టు" అంది. దారిలో నాకు ఉపదేశం కూడా చేసింది. తేడా లేనిది లోకంలో ఉండదట. మనం భరించగలిగిన తేడా ఏదో ముందే తెలుసుకుని కొనుక్కోవాలట.

వార్డులోనూ ఇదే వరస. నయమై వెళ్ళేవాళ్ళు దండాలు పెట్టి మెచ్చుకుంటుంటే "సరే సరే, మందులు మర్చిపోకండి" అని సాగనంపేస్తుంది. డాక్టరు వద్దంటున్నా విసురుగా వెళ్ళిపోయేవాళ్ళుంటారే, వాళ్ళ వెనకాల మాత్రం గేటు దాకా పరిగెడుతుంది. ఒకాయన అలా వెళ్ళిపోతూ, తన మంచం చక్రం రాత్రంతా కిర్రుమంటోందని చెప్పాడు. మర్నాటికి వార్డులో అన్ని మంచాల చక్రాలకీ నూనె పడింది. వెళ్ళినాయన మాత్రం తిరిగి రాలేదు. ఆవిడ ఏమీ అనుకోలేదు.

అలాంటి మనిషి నెత్తిన ఆసుపత్రివాళ్ళు ఒక సర్క్యులర్ పడేశారు. ఇకమీదట వార్డు ఇన్‌చార్జిగా ఉండాలంటే నర్సింగులో డిగ్రీ ఉండాలి. లేనివాళ్ళు ఈ ఏడాది అడ్మిషన్లు ముగిసేలోగా డిగ్రీలో చేరినట్టయినా చూపించాలి. అదీ లేకపోతే కింద లినెన్ రూముకి బదిలీ. అక్కది పాతకాలం డిప్లొమా.

లినెన్ రూమంటే ఆసుపత్రి అడుగున కిటికీ లేని గది. ఉతికొచ్చిన దుప్పట్లు చూసుకుని, మడతలు సరిచేసి, పైకి పంపాలి. నడుం నొప్పి ఉన్నవాళ్ళు ఆ పోస్టు కోసం కాచుకుని కూర్చుంటారు. అక్కకి మాత్రం అది ఉరిశిక్షే. దుప్పట్లు నోరు తెరిచి ఏ బాధా చెప్పుకోవు కదా. సర్జికల్ వార్డు ఆవిడ ప్రాణం. దాన్ని పై అంతస్తులో ఉన్న డిగ్రీ సిస్టరుకి అప్పజెబుతారని అప్పుడే పుకారు కూడా లేచింది.

నాకు ఇన్‌చార్జి పదవీ లేదు, పోయేదీ లేదు. అయినా ఎప్పటికైనా డిగ్రీ ఉండటం మంచిదే కదా అని, "నువ్వెక్కడ చేరితే నేనూ అక్కడే అక్కా" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

మాకు కావలసింది పెద్ద కోరికేం కాదు. డ్యూటీ మానకుండా, ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్లో చదువుకోవాలి. జీతాన్ని మింగెయ్యకూడదు. అలాంటి కోర్సులు ఇంటర్నెట్లో కుప్పలుతెప్పలుగా ఉన్నాయి. ప్రతి కాలేజీ ప్రకటనలోనూ తెల్లకోటు వేసుకున్న అమ్మాయి నవ్వుతూ ఉంటుంది. "ఈ పిల్ల ఎప్పుడూ డ్యూటీ చేసిన మొహంలా లేదు" అని అక్క మొదటిరోజే తేల్చేసింది. మధ్యాహ్నం డ్యూటీ దిగాక బట్టలు మార్చుకునే గదిలో కూర్చుని, స్పీకరు పెట్టి, ఒక్కొక్క కాలేజీకీ ఫోన్ చెయ్యడం మొదలుపెట్టింది.

"మా దగ్గర చేరిన నర్సులందరూ చాలా హ్యాపీ మేడమ్!" అన్నాడు మొదటి కాలేజీ కుర్రాడు.

"సంతోషం బాబూ. మానేసినవాళ్ళ నంబరు ఒకటి ఇవ్వు."

"ఎవరి నంబరు మేడమ్?"

"మీ దగ్గర చేరి మధ్యలో మానేసినవాళ్ళది."

"మా దగ్గర ఎవరూ మానెయ్యరు మేడమ్."

"ఒక్కరు కూడానా? మీ దగ్గర ఎవరికీ పిల్లలు పుట్టరా? ఎవరి అత్తగారికీ జబ్బు చెయ్యదా? ఎవరికీ డ్యూటీలు మారవా? ఇంతకీ మీ దగ్గర చేరేది మనుషులేనా?"

ఫోన్ కట్టయింది.

రెండో కాలేజీ అమ్మాయి గడుసుది. ఈరోజే చేరితే మంచి బ్యాగు ఉచితమంది. "ఆ బ్యాగు తీసుకుని మానేసినవాళ్ళు..." అని అక్క మొదలుపెట్టేసరికి అదీ కట్టయింది. మూడోవాళ్ళు సంతోషంగా చదువుతున్న విద్యార్థి అని ఒకతని నంబరిచ్చారు. అక్క నాలుగు ప్రశ్నలు వేసేసరికి అతను నీళ్ళు నమిలి, తను నర్సు కాదనీ, ఆ కాలేజీ మేనేజరుకి బావమరిదిననీ ఒప్పేసుకున్నాడు. ఆ తర్వాత ఆవిడ పేరు ఎలా పాకిందో ఏమో, కొత్త కాలేజీకి చేసినా "మీరు మానేసినవాళ్ళ మేడమేనా?" అని వాళ్ళే అడగసాగారు.

ఇలా కాదని అక్క దారి మార్చింది. నర్సుల వాట్సాప్ గ్రూపొకటుంది. అందులో అందరూ ఏ కాలేజీ మంచిదని అడుగుతుంటారు, అందరూ తాము చేరిందే మంచిదంటుంటారు. అక్క అందులో ఒక్క ముక్క పెట్టింది: "డిగ్రీ మధ్యలో మానేసినవాళ్ళు ఎవరు? సిగ్గుపడకండి, నాకు పని ఉంది." గ్రూపులో చడీచప్పుడు లేదు. కాని ఆవిడ ఫోన్‌కి మాత్రం విడివిడిగా మెసేజీలు వచ్చిపడ్డాయి.

ఇక ఆవిడకి పండగే. ప్రసూతి వార్డులో పనిచేసే ఒకమ్మాయి కవలల తల్లి. ఆమె కాలేజీలో పాఠాలన్నీ సాయంత్రం పూటే, అదీ లైవ్‌లోనే. సరిగ్గా పిల్లలిద్దరూ ఏడ్చే వేళ. రికార్డు చేసి పెట్టే పద్ధతి లేదు. ఇంకొకావిడని అక్క పిన్నీ అని పిలిచేది. ఆవిడకి పరీక్ష రాయాలంటే రైలెక్కి రోజంతా ప్రయాణం చెయ్యాలి. వేరొకామె చేరేటప్పుడు కట్టింది స్వల్పమే. ఆపైన పరీక్షకో ఫీజు, ప్రాక్టికల్స్‌కో ఫీజు, వెబ్‌సైటు తెరిచినందుకో ఫీజు వేశారు. ఫీజు ఎందుకని అడిగితే దానికీ వేస్తారేమోనని భయపడి మానేసింది. మరొకామె మానెయ్యలేదు, పూర్తిచేసింది. పూర్తయ్యాక తెలిసింది, ఆ డిగ్రీకి నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు లేదని. వీళ్ళందరిలో అక్కకి ఎక్కువ ముద్దొచ్చినవాడు డయాలసిస్ యూనిట్లో పనిచేసే ఒక కుర్రాడు. స్టాటిస్టిక్స్ పేపరుకి బెదిరి చదువు మానేశాడు కాబట్టి మేం అతనికి స్టాటిస్టిక్స్ తమ్ముడని పేరు పెట్టాం. "సగటు దాకా బాగానే ఉన్నానక్కా. ఆ తర్వాత నేను మనిషిని కాలేదు" అన్నాడు పాపం.

ఒక్కొక్కళ్ళ కథ వినడం, ఒక్కొక్క కాలేజీని కొట్టిపారెయ్యడం. అలా కొట్టేస్తూ పోగా చవకవాటిలో ఒకే ఒక్కటి మిగిలింది. అక్క దానికి ఫోన్ చేసింది. ఎవరో అమ్మాయి మెల్లగా మాట్లాడింది. అక్క తన మామూలు ప్రశ్న వేసింది.

"అది... మీరిప్పుడు మాట్లాడుతున్న నంబరేనండీ," అంది ఆ అమ్మాయి.

"నువ్వా?"

"నేనూ నర్సునేనండీ. ఇక్కడే చేరాను. మా అత్తగారు పక్షవాతంతో మంచాన పడ్డారు. చూసుకునేవాళ్ళు లేక ఉద్యోగం, చదువు రెండూ వదిలేశాను. ఇంట్లోంచే చేసే పని కదా అని ఇది పట్టుకున్నానండీ."

అక్క స్పీకరు ఆపేసింది. ఫోన్ చెవికి ఆనించుకుని కారిడార్ చివరిదాకా నడుచుకుంటూ వెళ్ళిపోయింది. నేను టీ తాగి, బట్టలు మార్చుకుని, చెప్పులు కూడా వేసుకుని కూర్చున్నాను. ఎప్పటికో తిరిగొచ్చి, "ఇదే" అంది.

"ఇందులో తేడాలేంటి?" అన్నాను. నాకూ ఆ జబ్బు అంటుకుంది మరి.

"వెబ్‌సైటు నత్తలా పాకుతుంది. పుస్తకాలు మనమే కొనుక్కోవాలి. పాఠం చెప్పే ఒకాయన ముక్కుతో మాట్లాడతాడు. అంతే."

"మరి మంచివి?"

"కౌన్సిల్ గుర్తింపు ఉంది. ఫీజు నెలనెలా కట్టుకోవచ్చు. పాఠాలు రికార్డు చేసి పెడతారు. ప్రాక్టికల్ గంటలు మన వార్డులో చేసినా ఒప్పుకుంటారు. చేరిపో."

నేను ఆరోజే చేరిపోయాను. అక్క చేరలేదు.

చేరకపోగా ఆ ఫోన్లు కూడా ఆపలేదు. ఎంచుకోవడం అయిపోయాక కూడా మానేసినవాళ్ళతో ఆవిడకి ఏం మాటలో నాకు అంతుబట్టలేదు. డ్రెస్సింగు ట్రే సర్దుతూ ఒకటీ అరా ముక్క వినేదాన్ని. "పిల్లల ఫోటో చూశానమ్మా, ఎవరు ఎవరో పోల్చుకోలేకపోయాను. సరేగాని, నేను చెప్పిందేం చేశావు?" "పిన్నీ, మోకాళ్ళెలా ఉన్నాయి? ఆలోచించుకో, తొందరేం లేదు. కాకపోతే నా సంగతి నీకు తెలుసుగా." కొత్తగా ఇంకేం తేడాలు తవ్వుతోందోనని నాకు ఒళ్ళు మండేది.

గడువు దగ్గరపడింది. మేట్రన్‌గారు రౌండుకొచ్చినప్పుడు, "కాగితం ఎప్పుడిస్తావమ్మా?" అని అడిగింది.

"ఇంకో ఇద్దరు మిగిలారు మేడమ్."

"ఎవరు?"

"మానేసినవాళ్ళు."

మేట్రన్‌గారు కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని పక్క వార్డుకి వెళ్ళిపోయింది. మర్నాడు పై అంతస్తు డిగ్రీ సిస్టరు వార్డు చూసుకోవడానికి దిగింది. మందుల అలమరా తెరిచి చూసి, దాని పక్కనున్న బల్ల చూపిస్తూ, "ఈ బల్ల ఇక్కడ బాగాలేదు, తీయించేద్దాం" అంది. అక్క మొహం వెలిగిపోయింది. కుర్చీ లాగి, "బాగాలేదా? రండి, కూర్చోండి. ఏం బాగాలేదో వివరంగా చెప్పండి" అంది. ఆ సిస్టరు ఏదో పని గుర్తొచ్చిందని పైకి వెళ్ళిపోయింది.

ఇక ఆగలేక బావగారికి ఫోన్ చేశాను. "బావగారూ, అక్క ఇంకా చేరలేదు. వార్డు పోయేట్టుంది. మీరైనా గట్టిగా చెప్పండి" అని ఊపిరి తీసుకోకుండా చెప్పాను.

"చేరుతుంది," అన్నారాయన. ఫోన్ పెట్టేశారు.

ఆఖరి రోజు వచ్చింది. సాయంత్రం ఐదింటికి అడ్మిషన్లు మూసేస్తారు. డ్యూటీ దిగగానే అక్కని బట్టలు మార్చుకునే గదిలోకి లాక్కెళ్ళి తలుపు వేశాను.

"ముందు నువ్వు ఫారం నింపు."

"ఉండవే. స్టాటిస్టిక్స్ తమ్ముడు ఇంకా చేరలేదు."

"అతను చేరితే నీకేంటి, చేరకపోతే నీకేంటి?"

"అతను చేరితేనే నేను చేరేది."

"ఏంటీ?"

"అందరికీ అదే చెప్పానే. నువ్వు చేరాకే నేను చేరతాను, నువ్వు చేరకపోతే నా వార్డు పోతుంది, ఆపైన నీ ఇష్టం అన్నాను. మిగతావాళ్ళంతా చేరిపోయారు. వీడొక్కడే నానుస్తున్నాడు."

నేను నోరెళ్ళబెట్టాను. అప్పుడు చెప్పింది. ఆ కాలేజీలో మధ్యలో మానేసినవాళ్ళని మళ్ళీ చేర్చుకునే పద్ధతి ఉందట. కౌన్సిల్ గుర్తింపున్న కాలేజీ అయితే, వేరేచోట రాసి పాసైన పేపర్లని కూడా లెక్కలోకి తీసుకుంటారట. కారిడార్ చివర్లో ఆ ఫోన్ అమ్మాయి చెప్పిందది. అంతవరకూ ఆ సంగతి అడిగినవాళ్ళే లేరట.

"కొత్తగా చేరేవాళ్ళకే అందరూ ఫోన్లు చేస్తారు. మానేసినవాళ్ళకి ఎవరు చేస్తారే?" అంది అక్క. "నేనూ మొదట తేడాలు కనుక్కుందామనే చేశాను. కాని ఒక్కొక్కళ్ళూ మానేసిన రోజు ఏం జరిగిందో, ఏ డ్యూటీలో ఉన్నారో, ఎవరితో ఏమన్నారో పూసగుచ్చినట్టు చెప్పారు. వదిలేసుకున్నవాళ్ళు అలా చెప్తారా?"

"అయితే చేరండర్రా అని చెప్తే సరిపోయేదిగా! నీ వార్డు పణం పెట్టడం ఎందుకు?"

"చెప్పాను. చూద్దాంలే అక్కా అన్నారు. తమకోసమైతే ఒక్కళ్ళు కదల్లేదు. నర్సులు కదా. ఎదుటి మనిషికి ఏదో అయిపోతోందంటే మాత్రం పరిగెత్తుకొస్తారు."

"పోనీ నువ్వు చేరిపోయి, చేరలేదని చెప్పొచ్చుగా!"

"మాటిచ్చానే," అంది అక్క, నేనేదో వాడేసిన సిరంజి మళ్ళీ వాడమన్నట్టు చూసి.

ఇన్నాళ్ళూ ఆవిడ మీద పళ్ళు నూరుకున్నందుకు నాకు సిగ్గేసింది. అయితే సిగ్గుపడుతూ కూర్చునే టైము లేదు. ఆవిడ చేతిలో ఫోన్ లాక్కుని స్టాటిస్టిక్స్ తమ్ముడికి చేశాను.

"ఏమయ్యా, చేరతావా లేదా?"

"డ్యూటీలో ఉన్నానండీ, ఇద్దరు మెషీన్ మీదున్నారు. అయినా చేరితే మళ్ళీ స్టాటిస్టిక్స్ రాయాలి కదండీ..."

"రాయి! అది పేపరే, పామేం కాదు! నీ మూలంగా మా అక్క దుప్పట్లు మడతేసుకుంటూ బతకాలా?"

"అరవకే, బెదిరిపోతాడు," అని అక్క నా చెయ్యి గిల్లింది.

అవతల కుర్చీ లాగిన చప్పుడు, ఎవరినో మెషీన్ కాస్త చూడమన్న మాట వినిపించాయి. కాసేపటికి "అయిపోయిందండీ. అక్కకి చెప్పండి" అన్నాడు. వెంటనే అక్క ఫారం తెరిచాం. వెబ్‌సైటు నిజంగానే నత్తలా పాకింది. ఆ ఫోన్ అమ్మాయి లైన్లోనే ఉండి, ఎక్కడ ఏం నొక్కాలో చెబుతూ గట్టెక్కించింది. "మరి నీది? చేరానన్నది నిజమేనా?" అని అక్క గద్దించింది. "నిన్ననే చేరిపోయానండీ, ఒట్టు" అంది. అక్క వార్డు అక్కకి మిగిలింది.

మొదటి క్లాసులో ముక్కుతో మాట్లాడే మాస్టారు, ఈ బ్యాచ్‌లో ఇంతమంది పాత విద్యార్థులు ఎందుకు చేరారని ఆశ్చర్యపోయారు. "అక్క వార్డు పోతుందంటే చేరానండీ" అంది కవలల తల్లి. "నేనూ అంతేనండీ" అంది పిన్ని. "ఏ అక్క?" అన్నారు మాస్టారు. అందరూ తమ తమ తెరల మీద అక్క ఉన్న గడిని వేలుపెట్టి చూపించారు. ఒకళ్ళ వేలు పైకి, ఒకళ్ళది కిందికి, ఒకళ్ళది గోడవైపు ఉంది. మాస్టారికి ఏమీ అర్థం కాలేదు. పాఠం మొదలుపెట్టేశారు.

మొన్న మొదటి సెమిస్టరు ఫలితాలొచ్చాయి. స్టాటిస్టిక్స్‌లో తమ్ముడు పాసయ్యాడు. అక్క తప్పింది.

"నావల్ల కాదే ఈ పేపరు," అని అక్క నిబ్బరంగానే చెప్పింది. "ఎలాగూ వార్డు నిలిచింది. వీళ్ళంతా చదువుకుంటున్నారు. నేను మెల్లగా తప్పుకుంటాను."

నేను వాదించలేదు. బయటికొచ్చి ఒకే ఒక్క ఫోన్ చేశాను. నేను తిరిగి లోపలికి వెళ్ళేసరికి అక్క ఫోన్ మోగుతోంది. స్పీకరు తనే పెట్టింది.

"అక్కా, మీరు మానేస్తే నేనూ మానేస్తాను. ఇన్నాళ్ళ నా కష్టం నీళ్ళపాలవుతుంది. ఆపైన మీ ఇష్టం," అన్నాడు స్టాటిస్టిక్స్ తమ్ముడు.

అది పెట్టేసేలోగా కవలల తల్లి చేసింది. తర్వాత పిన్ని. అందరిదీ ఒకే మాట. అక్క ఫోన్ని ఎగాదిగా చూసి, "ఇదెక్కడి దౌర్జన్యమే!" అంది.

ఇప్పుడు రోజూ డ్యూటీ దిగాక, బట్టలు మార్చుకునే గదిలో తమ్ముడు ఆవిడకి ఫోన్లో పాఠం చెబుతున్నాడు. పాఠం సగటు దాటింది. అర్థం కానప్పుడల్లా ఆవిడ అతన్నీ, పుస్తకాన్నీ, ఆ పేపరు కనిపెట్టినవాణ్ణీ కలిపి తిడుతుంది. ఫోన్ మాత్రం పెట్టెయ్యదు.